కనుమ మీది పూటకూటిల్లు

శీతకాలమున భోజనము చేయుటలో గల సుఖము వేసవిలో లేదని మా నాయనమ్మ అనుచుండెడిది. చిన్నతనమున నేనీ మాటను నమ్మలేదు. మాది గోదావరి తీరమందలి పల్లె. అక్కడ చలి యన్నది సంక్రాంతికి నెల ముందు వచ్చి, భోగిమంటతో సెలవు పుచ్చుకొను చుట్టము వంటిది. ఒక దుప్పటి కప్పుకొన్న చాలును, దాని పని తీరిపోవును. ఆకలికిని చలికిని గల పొత్తు ఎట్టిదో నాకు తెలియుటకు ఇరువదియారేండ్లు పట్టినది. దానిని తెలిపినది కొండమీది యొక పూరింటిలోని పొయ్యి.

ఊరుగాని ఊరిలో అన్నము దొరకుట యెట్లు అను చింత మన పూర్వులకును కలదు. కాకతీయుల నాటి ఓరుగల్లును కన్నులకు గట్టించు 'క్రీడాభిరామము'లో ఒక పూటకూటింటి ముచ్చట వచ్చును. ఒక్క రూక చేతబెట్టిన చాలును, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు మున్నగువానితో కడుపునిండ భోజనము దొరకెడిదట. 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, దారిలో ఏ మజిలీలో దిగుటకు వసతి కలదో, ఎక్కడ ఏ సామగ్రి దొరకునో శ్రద్ధగా వ్రాసికొనెను. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'నందలి పూటకూళ్ళమ్మను మీరు పై తరగతులలో కలిసికొందురు. అయితే ఆ కాలపు బాటసారి ఆకలితో వచ్చినను, వంట చేసినవారెవరు, ప్రక్క ఆకు ముందు కూర్చున్నవారెవరు అని విచారించి కాని చేయి కడుగుకొనెడివాడు కాడు. ఈ సంగతిని గ్రంథములు తక్కువగా చెప్పును. పెద్దలు ఎక్కువగా చెప్పుదురు.

మా నాయనమ్మ చెప్పు కథలలో డొక్కా సీతమ్మగారి కథ మాకు మిక్కిలి ప్రియమైనది. ఆమె 1841లో జన్మించి 1909లో గతించినది. గోదావరి లంకలలోని గన్నవరమున నివసించుచు, ఏ వేళ ఎవరు తలుపు తట్టినను, వారి కులమేదని అడుగక అన్నము పెట్టిన మహాయిల్లాలు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడి మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆమె కథ వినునప్పుడు మా పిల్లలందరి కన్నులు చెమర్చెడివి. వెంటనే లేచి, పొరుగింట దాహము పుచ్చుకొనరాదను మా యింటి కట్టుబాటును తు.చ. తప్పక పాటించెడివారము. పెట్టువారికి పుణ్యము కలదని నేర్పిరి గాని, పుచ్చుకొనువాని సంగతి యేమో నేర్పలేదు. ఈ రెండును పొసగవని ఇంటిలో ఎవరికిని తోచలేదు. నాకును తోచలేదు.

1986 డిసెంబరు నెల నడుమ నాకు ఉద్యోగము వచ్చినది. చింతపల్లి ప్రాంతమందలి యొక ఆశ్రమ పాఠశాలలో తెలుగు పండితుని పదవి. ఆ ప్రాంతము నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిలునుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, మా అమ్మ కట్టియిచ్చిన పులిహోర పొట్లము వెంటబెట్టుకొని నర్సీపట్నమున బస్సెక్కితిని. పులిహోర మధ్యాహ్నముననే అయిపోయినది. డౌనూరు దాటిన పిదప కనుమదారి మొదలగును. ఆ బాటలోని ప్రతి మలుపునకును ఒక చరిత్ర కలదు. మన్యమున బాటలు వేయుటకు గిరిజనులచేత చాలీచాలని కూలికి చాకిరి చేయించుట, 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమునకు గల కారణములలో నొకటి. ఆయన చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసినది ఆ యేటి ఆగస్టు 22వ తేదీన. ఈ విషయములన్నియు పుస్తకములలో చదివియుంటిని. బస్సు కిటికీనుండి తలచుకొనుచు గర్వపడితిని కూడ.

ప్రొద్దు క్రుంకినది. వలిసెపూలు పూచిన చేలు పచ్చదనము వీడి నల్లబడినవి. తూర్పున రెండు కొండల నడుమ నిండుచంద్రుడు పైకి వచ్చెను. అంత పెద్ద చంద్రుని నేను మా యూర ఎన్నడును చూడలేదు. విద్వాంసుడనను అహంకారము కొంత యుండుటచే, చంద్రోదయ వర్ణనలు ఒకటొకటే మనసున నెమరువేసికొంటిని. లంబసింగి చేరునప్పటికి బస్సు ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోయినది. ఇక తెల్లవారిన గాని కదలదని డ్రైవరు చెప్పెను.

లంబసింగి సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల యెత్తున నున్నది. వేయి మీటర్లు పైకి పోయినకొలది గాలి వేడిమి ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గునని మీ సామాన్యశాస్త్రములో చదివియుందురు. అయితే ఇక్కడి చలికి అదొక్కటే హేతువు కాదు. శీతకాలపు రాత్రులలో ఆకసము నిర్మలముగా నుండుటచే నేల తన వేడిని త్వరత్వరగా కోల్పోవును. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలులనుండి జారి, పల్లపు బయళ్ళలో నీరు నిలిచినట్లు నిలిచిపోవును. అర్ధరాత్రి దాటిన పిదప దానికి పొగమంచు తోడగును. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరిదాపులకు దిగును. ఈ యూరికి కొర్రబయలు అను పేరు కూడ కలదు. బయట నిలిచినవాడు కొయ్యవలె కొర్రుకట్టుకొని పోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. నా నూలుకండువా కప్పుకొని, ఆ యర్థమును నేను అర్ధగంట సేపు స్వయముగా అనుభవించితిని.

బాట ప్రక్కన ఒక పూరిల్లు వెలుగుచుండెను. మట్టిగోడలు, నేలబారుగా దిగిన కప్పు, వెదురుబద్దలతో కట్టిన రెండు బల్లలు, నడుమ పెద్ద పొయ్యి. అది హోటలు అనుటకు గుర్తుగా గాజుగ్లాసులు నాలుగు వరుసగా బోర్లించియుండెను. తలుపున వంగి లోనికి పోగానే వెచ్చదనము ముఖమునకు తగిలినది. ఆ క్షణమున కలిగిన సుఖమును వర్ణించుటకు నాకు తెలిసిన పద్యములలో నొక్కటియు పనికిరాలేదు. కండక్టరు, డ్రైవరు, సంతనుండి మరలివచ్చుచున్న నలుగురైదుగురు కొండవారు అప్పటికే పొయ్యి చుట్టును చేరియుండిరి. ఒక ముసలమ్మ నన్ను చూచి జరిగి చోటిచ్చెను.

"రా బాబూ, నిప్పుకాడికి రా. ఈ సలి కొత్తోళ్ళకి ఆగదు."

ఆమె యెవరికిని ఏమియు చెప్పనక్కరలేకయే అడ్డాకు విస్తళ్ళు పరచి వడ్డించెను. అడ్డాకులనగా అడవిలో ప్రాకు పెద్ద తీగ ఆకులు. వానిని ఈనెపుల్లలతో కుట్టుదురు. వేడి అన్నము పడగానే ఆ యాకునుండి పచ్చి వాసన యొకటి లేచును. సామల అన్నము, దానిమీద రాజ్‌మా గింజల కూర, ప్రక్కన నిప్పులమీద కాల్చి నూరిన పచ్చిమిరపకాయల పచ్చడి. నా కడుపు పొయ్యికంటె ఎక్కువగా మండుచుండెను. అవ్వ నా ముందు ఆకు వేయబోయి, చేయి ఆపెను.

"మాస్టారు బాబూ, తింటావా?"

ఆ ఒక్క మాటలో నేనెవరో, తానెవరో, మా యిరువురి నడుమ ఎంత దూరమో సర్వమును ఇమిడియున్నది. నిజము చెప్పుటకు సిగ్గు. తినుటకు జంకు. నోటికి వచ్చినది చెప్పితిని. "నేడు ఏకాదశి, అవ్వా. నాకు ఉపవాసము."

ఆమె నా ముఖమువంక ఒక నిమిషము చూచి, "అలాగేటి" అని ఆకు తీసివేసెను. తక్కినవారు తినుచుండగా నేను గోడవైపు చూచుచు కూర్చుంటిని. కొంతసేపటికి ఆమె మూలనున్న గంపనుండి నాలుగు చిలగడదుంపలు తెచ్చి, పొయ్యి బూడిదలో కప్పెట్టి, పట్టుకారు నా ప్రక్కన నుంచెను. "ఉపాసానికి దుంపలు తినొచ్చంట గదా. కాలినాక నువ్వే తీసుకో బాబూ. తొక్క వొలిస్తే లోపల మా సెయ్యి తగల్లేదు" అనెను. ఆ మాట ఎత్తిపొడుపుగా అనినచో నేను కొంత తేలికపడియుందును. ఆమె అట్లనలేదు. జ్వరముతో నున్న పిల్లవానికి పథ్యము చెప్పినట్లు చెప్పెను. నేను దుంపలు తింటిని. అవి తియ్యగా నుండెను. రాత్రి ఆమె తన గొంగళి నాపై కప్పినది. దానిని మాత్రము వలదనలేదు. చలి వేసినప్పుడు ఆచారములలో ఏది సడలునో, ఏది సడలదో చూచినచో నవ్వు వచ్చును.

పాఠశాలలో చేరిన పది దినములకు ఏడవ తరగతి పిల్లలకు తిథుల పేర్లు చెప్పుచుంటిని. కొండపిల్లలకు చంద్రుని గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదని కొంచెము సేపటిలోనే తెలిసినది. పున్నమినాడు చంద్రుడెట్లుండునని అడిగితిని. "నిండుగుంటాడు మాస్టారూ" అనిరి. ఏకాదశినాడెట్లుండునంటిని. "ఓ పక్క తరుగుంటాడు" అనిరి. అప్పుడు వెనుక వరుసనుండి ఒక బాలుడు లేచి, "మరి మీరు మా అవ్వ ఇంటికొచ్చిన రాత్రి నిండుగున్నాడంట గదండీ?" అని అడిగెను. వాని కంఠమున వెక్కిరింత లేదు. నిజమైన సందేహమే. పాఠము సరిగా అర్థమైనదో లేదో తెలిసికొనగోరు మంచి విద్యార్థి వాడు. తరగతిలో తక్కినవారికి ఏమియు తెలియలేదు. నేను నల్లబల్లవైపు తిరిగి, అవసరము లేకున్నను, పదునైదు తిథుల పేర్లను మరల మొదటినుండి వ్రాసితిని.

పూర్ణిమనాడు చంద్రోదయమునకు మురిసి, గడియ తిరుగక ముందే అది ఏకాదశి యని చెప్పిన పండితుడు మరియొకడుండునని నేననుకొనను.

ఆ శనివారము బడి విడువగానే బస్సెక్కి లంబసింగి పోయితిని. దారి పొడుగునను ఏమి చెప్పవలెనో కూర్చుకొంటిని. లోనికి పోవుసరికి అవన్నియు మరపునకు వచ్చినవి. అవ్వ చోడిపిండి జల్లించుచుండెను.

"అన్నము పెట్టెదవా అవ్వా?" అంటిని.

"ఈయేళ ఏకాదశి కాదా బాబూ?"

"కాదు. ఆనాడును కాదు."

"తెలుసు" అని ఆమె జల్లెడ ప్రక్కకు పెట్టెను. "సందమామని సూసినాను గదా. అయినా ఉపాసమన్నోడికి అన్నం ఎట్టకూడదు."

నేనానాడు ఏమి తింటినో నేటికిని చెప్పగలను. చోడి అంబలి ఒక లోటాడు, దానిలో నంజుకొనుటకు ఉల్లిపాయ, తరువాత సామల అన్నము, ఉలవచారు. చోళ్ళనగా రాగులే, మా ప్రాంతమున ఆ పిండితో జావ కాచి చిన్నపిల్లలకు పోయుదురు. అంబలిని అట్లు వెంటనే త్రాగరు. ముందురోజు పిండి కలిపి యుంచి, కొంచెము పులిసిన పిదప కాచుదురు. ఆ పులుపు నాలుకకు అలవాటగుటకు నాలుగైదు దినములు పట్టును. అలవాటైన పిమ్మట మానుట కష్టము.

అప్పటినుండి నాలుగు శీతకాలములు ప్రతి శనివారమును నేనా యింటి పొయ్యి ప్రక్కనే భోజనము చేసితిని. అటువంటి చోటికి సొగసు ఎక్కడనుండి వచ్చును? బల్లమీద గుడ్డ లేదు, గోడకు రంగు లేదు. పొగకు కన్నులు మండును. కాని బయట మంచు కురియుచుండగా, పది మంది ఒకే నిప్పు చుట్టును కూర్చున్నప్పుడు, ఎదుటివాని పేరు అడుగక ముందే వాని యూరి పంట సంగతి, ఎద్దుల సంగతి తెలిసిపోవును. కాఫీతోటలలో పండ్లు కోయు స్త్రీలు నవంబరు మొదలు అక్కడ ఆగెడివారు. అవ్వ వారికి కాఫీ కాచి యిచ్చెడిది. ఇంటి వెనుక చెట్ల గింజలనే ఎండబెట్టి, పెనముమీద వేయించి, రోటిలో దంచి, బెల్లము వేసి మరిగించును, పాలు లేవు. మా గోదావరి ప్రాంతపు కాఫీరాయుళ్ళు దానిని కాఫీగా ఒప్పుకొనరు. ఒప్పుకొనక పోయినను ఆ చలిలో రెండవ గ్లాసు అడుగకయు ఉండరు.

బొంగులో వండుట నేను మొదట చూచినదియు అక్కడనే. పచ్చివెదురును కణుపులవద్ద నరికి, ఒకవైపు మూసియుండునట్లు చూచి, ఉప్పుకారములు పట్టించిన కోడిమాంసమును దానిలో కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పులలో నుంచుదురు. నూనె వేయరు, నీరు పోయరు. వెదురు మండిపోవదేమని నాకు ఆశ్చర్యము కలిగెడిది. పచ్చివెదురు గోడలో నీరుండును; ఆ తేమ ఆవిరియై లోపలి పదార్థమును ఉడికించును, ఆ తేమ యున్నంతవరకు బొంగు పైన నల్లబడును గాని కాలిపోదు. బొంగును నిప్పులలో త్రిప్పుచు, ఎప్పుడు తీయవలెనో వాసననుబట్టి చెప్పుటయే నేర్పు. నేను మాంసము తినను. ఆ యలవాటు నేటికిని అట్లే యున్నది. అవ్వ దానినిగూర్చి ఎన్నడును ప్రశ్నింపలేదు. ఒక సంక్రాంతికి నాకొరకై బియ్యమును, రాజ్‌మా గింజలను వేరొక బొంగులో వండి పెట్టినది. తిననిది వేరు, పెట్టినవారినిబట్టి తినకుండుట వేరు అని ఆమెకు ఎవరును చెప్పనక్కరలేక పోయినది.

మా అమ్మకు ఈ సంగతి వ్రాయుటకు రెండు నెలలు జంకితిని. తుదకు ఒక కార్డు ముక్కపై, ఇతర సమాచారముల నడుమ, ఒక వాక్యముగా వ్రాసితిని. జవాబులో తక్కిన విషయములన్నిటికిని సమాధానము వచ్చినది, దీనికి రాలేదు. వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడును ఆమె ఆ ప్రస్తావన తేలేదు. మరలిపోవు దినమున ఎప్పటివలె పొట్లము కట్టి యిచ్చినది. ఆనాడది రెండింతలు బరువుండెను. వెంట ఒక చిన్న జాడీలో మాగాయ. "ఇంత యెందుకమ్మా?" అంటిని. "దారిలో ఆగుదువు గదా" అనెను. ఆ మాగాయ రుచి చూచి అవ్వ మొగము చిట్లించి, "మీ యమ్మకి ఉప్పు సవకేటి బాబూ?" అని అడిగెను. ఈ ప్రశ్నను మాత్రము నేను మా అమ్మకు చేరవేయలేదు.

1990లో నాకు మైదానమునకు బదిలీ అయినది. అవ్వ 1994 శీతకాలమున కన్నుమూసినట్లు, తిథుల సందేహము అడిగిన ఆ బాలుడే నాకు ఉత్తరము వ్రాసెను. అక్షరములు గుండ్రముగా నున్నవి, ఒక్క తప్పు లేదు. ఆ యుత్తరము నావద్ద ఇప్పటికిని కలదు.

గత జనవరిలో మా మనుమడు మేఘములను చూడవలెనని పట్టుబట్టగా లంబసింగి పోయితిమి. ఇప్పుడు ఆ యూరికి ఎవరును దారి అడుగనక్కరలేదు. శీతకాలపు ఆదివారములలో తెల్లవారకముందే కారులు బారులు తీరును. దాపుననే యున్న చెరువులవేనము కొండమీద నిలిచి, క్రింద లోయనిండ పాలసముద్రమువలె పరచుకొన్న మంచును చూచుటకు జనము ఎక్కడెక్కడినుండియో వచ్చుచున్నారు. గుడారములు వెలసినవి, స్ట్రాబెర్రీ తోటలు వెలసినవి. బాటకు రెండు వైపులను బొంగు చికెను అంగళ్ళు కలవు. పూర్వము ఎంత ప్రశాంతముగా నుండెనో యని కొందరు పెద్దలు నిట్టూర్చుట వింటిని. నేను నిట్టూర్చలేదు. ఆ యంగళ్ళలో నిలిచి, ధర చెప్పి, డబ్బు లెక్కించి పుచ్చుకొనుచున్నవారిలో పలువురు అక్కడి స్త్రీలే. నాకు నచ్చనిది ఒక్కటే: అడవినిండ అడ్డాకులుండగా ప్లాస్టికు పళ్ళెములలో వడ్డించుచున్నారు, తినినవారు వానిని లోయలోనికి విసరుచున్నారు. ఒక యువకుని అట్లు చేయవలదని మందలించితిని. హెడ్మాష్టరు పదవి పోయినను గొంతు పోలేదు గావున, ఆతడు వంగి పళ్ళెము తీసికొనెను.

అవ్వ యిల్లు ఉండిన చోట ఇప్పుడు రేకుల పందిరి కలదు. ముందు ఇనుప పళ్ళెములో నెగడు. ఒక నడివయసు స్త్రీ పొయ్యి యెగదోయుచుండెను. చిలగడదుంపలున్నవా యని అడిగితిని. "లేవండి, మ్యాగీ ఉంది. తింటారా?" అనెను. వెలుగు రేకలు అప్పుడే విచ్చుకొనుచున్నవి. తల యెత్తి చూచితిని. ఆకసమున సన్నని చంద్రవంక, అంచు అరిగిపోయిన వెండిబిళ్ళవలె వ్రేలాడుచుండెను. వ్రేళ్ళమీద లెక్కించితిని. ఆ దినము నిజముగనే ఏకాదశి.

"రెండు గిన్నెలు పెట్టు తల్లీ" అని మనుమని ప్రక్కన, నిప్పునకు దగ్గరగా కూర్చుంటిని.